పసిబిడ్డకు పళ్లొస్తున్నాయా? గుర్తుపట్టడం ఎలా, ఏం చేయాలి, ఏది పళ్ల మీద నెట్టకూడదు

నాలుగో నెల బిడ్డ చొంగ కారుస్తూ పిడికిలి నోట్లో పెట్టుకుంటే చాలు, ఇంట్లో పెద్దవాళ్లు "పళ్లొస్తున్నాయ్" అనేస్తారు. ఇక అప్పటినుంచి బిడ్డ ఏడ్చినా, రాత్రి నిద్రపోకపోయినా, ఒళ్లు కాలినా, మోషన్స్ అయినా అన్నిటికీ ఆ ఒక్క మాటే జవాబు. వాటిలో కొన్ని నిజంగానే పళ్ల వల్ల వస్తాయి. కొన్నిటికి పళ్లతో ఏ సంబంధమూ లేదు. ఈ రెంటినీ విడదీసి చూడటం తల్లిదండ్రులకు వచ్చి తీరాలి. పళ్ల పేరు చెప్పి రెండు రోజులు వదిలేసిన విరేచనాలు పసిబిడ్డను ఎంత ప్రమాదంలోకైనా నెట్టగలవు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏం చూడాలో వరుసగా చెబుతాను.

ముందు నెలలు లెక్క చూసుకోండి

పాలపళ్లు తయారవడం బిడ్డ కడుపులో ఉండగానే, ఆరో వారం దగ్గర మొదలవుతుంది. పుట్టేసరికి ఇరవై పళ్లూ చిగుళ్ల లోపల ఏదో ఒక దశలో ఉంటాయి. ఎక్కువమందికి మొదటి పన్ను ఆరో నెల అటూ ఇటూగా బయటపడుతుంది. నాలుగో నెలలోనే వచ్చినా, ఏడాది నిండబోతుండగా వచ్చినా మామూలే. నెల తక్కువగా పుట్టిన బిడ్డకైతే పుట్టిన తేదీ నుంచి కాకుండా, డాక్టరు ఇచ్చిన డెలివరీ తేదీ నుంచి లెక్కపెట్టండి. పక్కింటి పాపకు ఐదో నెలలో వచ్చాయని టెన్షన్ పడొద్దు. అమ్మకో నాన్నకో ఆలస్యంగా వచ్చి ఉంటే బిడ్డకూ అలాగే రావడం చాలా ఇళ్లలో కనిపిస్తుంది.

వరుస దాదాపుగా ఇలా ఉంటుంది. కింది చిగురులో మధ్య రెండు పళ్లు 6 నుంచి 10 నెలల్లో, పైన మధ్య రెండు 8 నుంచి 12 నెలల్లో వస్తాయి. వాటి పక్కవి పైన 9 నుంచి 13, కింద 10 నుంచి 16 నెలల్లో. ఆ తర్వాత వెంటనే కోరపళ్లు రావు, వాటికన్నా ముందు దవడ పళ్లు వస్తాయి, 13 నుంచి 19 నెలల మధ్య. అందుకే ఏడాదిన్నర పిల్లల నోట్లో ముందుపళ్లకూ దవడ పళ్లకూ మధ్య ఖాళీ కనిపిస్తుంది. పన్ను పోయిందని కంగారు పడనక్కర్లేదు, కోరపళ్లు 16 నుంచి 23 నెలల్లో వచ్చి ఆ ఖాళీ నిండుతుంది. చిట్టచివరి దవడ పళ్లు రెండేళ్లు నిండే సమయంలో మొదలై మూడేళ్లకు ముగుస్తాయి.

పైపళ్లు ముందు వస్తే మేనమామకు మంచిది కాదని మన ఇళ్లలో ఒక మాట ఉంది. కొందరు పిల్లలకు పైవే ముందు వస్తాయి. వరుసలో చిన్న తేడా, అంతే. దానికి బాలింతను నిష్ఠూరాలాడటం అన్యాయం.

అరుదుగా కొందరు పన్నుతోనే పుడతారు. అది శకునమేమీ కాదు. అయితే ఆ పన్ను కదులుతుంటే ఊడి గొంతులోకి జారే ప్రమాదం ఉంటుంది, పాలు తాగేటప్పుడు నాలుక కింద పుండు కూడా పడవచ్చు. కాబట్టి పిల్లల డాక్టరుకు చూపించండి. ఇంట్లో మాత్రం లాగేయొద్దు.

నోరు చూసి తెలుసుకోండి

చొంగను చూసి కాదు, చిగురును చూసి తేల్చుకోవాలి. బిడ్డ కడుపు నిండి హుషారుగా ఉన్నప్పుడు, పగటి వెలుతురులో చూడండి. గోళ్లు కత్తిరించుకుని చేతులు సబ్బుతో కడుక్కోండి. బిడ్డ తల మీ ఒడిలో, కాళ్లు అవతలి వైపు ఉండేలా పడుకోబెట్టి, బొటనవేలితో కింది పెదవిని నెమ్మదిగా కిందికి దించండి. కింది చిగురు మధ్యలో చూపుడువేలి కొసతో, గోరు తగలకుండా, అటూ ఇటూ ఒకసారి రాయండి. మామూలుగా చిగురు మెత్తగా, నున్నగా తగులుతుంది. పన్ను దగ్గర పడితే అక్కడ ఉబ్బెత్తుగా, కాస్త ఎర్రగా ఉంటుంది. ఇంకొన్నాళ్లకు చర్మం కింద తెల్లటి గీత కనిపిస్తుంది. ఆ తర్వాత ఒకరోజు వేలికి గరుకైన అంచు తగులుతుంది. ఆరు నెలలు దాటి ఉగ్గు, జావ మొదలుపెట్టిన బిడ్డకైతే చాలాసార్లు మొదటి కబురు చెంచాయే చెబుతుంది. స్టీలు చెంచా నోట్లో పెట్టగానే టక్కుమంటుంది.

చిగురు మీద నీలంగా చిన్న బుడగలాంటిది కనిపిస్తే భయపడొద్దు. పైకొచ్చే పన్ను చుట్టూ నీరో, కొంచెం రక్తమో చేరడం వల్ల అలా అవుతుంది. దాన్ని పొడవకూడదు, పన్ను బయటికి రాగానే అదే పోతుంది. నెలల పిల్లల చిగుళ్ల మీద కనిపించే తెల్లటి గట్టి చుక్కలు కూడా చాలావరకు పళ్లు కావు, కొద్ది వారాల్లో వాటంతటవే పోతాయి. బుగ్గల లోపల, నాలుక మీద పెరుగు అంటుకున్నట్టు తెల్లగా ఉండి, తడిబట్టతో తుడిచినా పోకపోతే అది ఫంగస్. దానికి మందు వేయించాలి.

తొలి గుర్తులు, వాటిలో పొరబడేవి

మూడు, నాలుగు నెలలకు పిల్లల్లో లాలాజలం ఎక్కువ ఊరుతుంది, దాన్ని సరిగా మింగడం వాళ్లకింకా రాదు. సరిగ్గా ఆ వయసులోనే చేతులు నోటిదాకా వస్తాయి. దొరికిన ప్రతిదాన్నీ నోటితో పరిశీలించడం బిడ్డ ఎదుగుదలలో భాగం. ఈ రెండూ కలిసి పళ్లు వస్తున్నట్టే కనిపిస్తాయి. కానీ పన్ను బయటపడటానికి ఇంకా రెండు మూడు నెలలు పట్టవచ్చు. చొంగ, చేతులు నమలడం మాత్రమే ఉంటే ఎదురు చూడండి, మందులకు పరిగెత్తకండి.

నిజంగా పన్ను పైకొచ్చేటప్పుడు కనిపించేవి వేరు. బిడ్డ ఏది దొరికినా గట్టిగా కొరుకుతుంది, ఒకే చోట చిగురుకేసి రుద్దుకుంటుంది. పాలు తాగుతూ తాగుతూ వదిలేసి ఏడుస్తుంది, చప్పరించేటప్పుడు చిగుళ్ల మీద ఒత్తిడి పడుతుంది కదా. ఘనాహారం మీద ఆసక్తి తగ్గుతుంది. రాత్రిళ్లు మాటిమాటికీ లేస్తుంది, ఎత్తుకుంటే ఊరుకుంటుంది. చొంగ తడికి గడ్డం మీద, మెడ మడతల్లో ఎర్రటి పొక్కులు వస్తాయి. ఒళ్లు కాస్త వెచ్చబడవచ్చు. కొందరు చెవిని లాక్కుంటారు, అయితే చెవిపోటు ఉన్నా అదే చేస్తారు. చెవి లాక్కోవడంతో పాటు జ్వరం గానీ, చెవిలోంచి చీము కారడం గానీ ఉంటే డాక్టరు చూడాల్సిందే.

ఈ అవస్థ ఎన్నాళ్లు? 2000లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు 125 మంది పిల్లల్ని తల్లిదండ్రుల చేత రోజూ గమనింపజేసి ఒక అధ్యయనం ప్రచురించారు. పన్ను బయటపడే ముందు నాలుగు రోజులు, ఆ రోజు, తర్వాత మూడు రోజులు, మొత్తం ఎనిమిది రోజుల్లోనే ఈ చికాకంతా కాస్త ఎక్కువగా కనిపించింది. అప్పుడు కూడా ఎక్కువ జ్వరం, మోషన్స్ పళ్లతో ముడిపడలేదు. ఫలానా రోజున పన్ను వస్తుందని ముందే చెప్పగల లక్షణం ఏదీ దొరకలేదు. మీకు దీనివల్ల ఉపయోగం ఏమిటంటే, గోడ క్యాలెండర్‌లో పన్ను కనిపించిన రోజు రాసుకోండి. నెలల తరబడి సాగే ఏడుపును పన్ను మీద నెట్టలేమని అప్పుడు మీకే అర్థమవుతుంది.

జ్వరం, మోషన్స్: ఇక్కడే జాగ్రత్త పడాలి

పళ్లు వచ్చే వయసూ, జబ్బులు మొదలయ్యే వయసూ ఒకటే. తల్లి నుంచి వచ్చిన రోగనిరోధక శక్తి ఆరో నెలకల్లా బాగా తగ్గిపోతుంది. సరిగ్గా అప్పుడే అన్నప్రాశన చేస్తాం, కొత్త ఆహారం, నీళ్లు, గిన్నెలు, చెంచాలు వస్తాయి. బిడ్డ బోర్లా పడి, పాకి, నేల మీద దొరికినవి నోట్లో పెట్టుకుంటుంది. సూక్ష్మక్రిములు లోపలికి వెళ్లేది ఆ దారినే. మోషన్స్‌కు కారణం అది, పన్ను కాదు. పన్ను వస్తుంది కాబట్టి నీళ్ల విరేచనాలు సహజమేనని ఎవరు చెప్పినా, ఎంత అనుభవం ఉన్నవాళ్లు చెప్పినా, నమ్మకండి.

ఈ పొరపాటు మన దగ్గరే పుట్టలేదు. 1839లో ఇంగ్లండ్, వేల్స్ మరణాల లెక్కల్లో ఐదు వేలకు పైగా పసివాళ్ల చావులకు కారణం "పళ్లు రావడం" అని రాసుకున్నారు. వాళ్లను నిజంగా బలిగొన్న జబ్బులు వేరే. ఆ పళ్ల బాధకని అమ్మిన పొడుల్లో పాదరసం ఉండేది. ఆ పాదరసం వల్లే పిల్లల చేతులు, కాళ్లు ఎర్రబారే జబ్బు వస్తోందని తెలిసి బ్రిటన్‌లో 1950లలో ఆ పొడులు అమ్మడం ఆపాక జబ్బు దాదాపు మాయమైంది.

చంకలో డిజిటల్ థర్మామీటర్ పెట్టి చూడండి. చేత్తో తాకి చెప్పే జ్వరం లెక్కలోకి రాదు. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్, ఆ పైన ఉంటే అది జ్వరం, దానికి పళ్లు కాక వేరే కారణం ఉంది. మూడు నెలల లోపు బిడ్డకైతే ఆ అంకె కనిపించగానే ఆస్పత్రికి వెళ్లండి. మూడు నెలలు దాటిన బిడ్డకు జ్వరం ఒక రోజు దాటినా, 102 దాటినా, బిడ్డ మగతగా ఉన్నా, పాలు పట్టకపోయినా, ఊపిరి వేగంగా తీసుకుంటున్నా, ఫిట్స్ వచ్చినా, ఒంటిమీద దద్దుర్లు వచ్చినా ఆగొద్దు. నోట్లో, పెదవుల మీద చిన్న చిన్న పుండ్లు, వాచి రక్తం కారే చిగుళ్లు, జ్వరం కలిసి వస్తే అది వైరస్ వల్ల కావచ్చు. దాన్ని చాలామంది పళ్ల బాధ అనుకుని రోజులు గడిపేస్తారు.

మోషన్స్ మొదలైతే తల్లిపాలు ఆపకండి, ఇంకా ఎక్కువసార్లు ఇవ్వండి. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని రాసి ఉందో చదివి, అన్ని నీళ్లలోనే మొత్తం ప్యాకెట్ కలపండి. పెద్ద ప్యాకెట్ సాధారణంగా లీటరు నీళ్లకు, చిన్నది 200 మిల్లీలీటర్లకు. సగం ప్యాకెట్ అందాజాగా కలపడం వల్ల ఉప్పు, చక్కెర పాళ్లు మారిపోతాయి. కాచి చల్లార్చిన నీళ్లు వాడండి, 24 గంటలు దాటితే పారబోయండి. రెండేళ్ల లోపు బిడ్డకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ ఇంకా నెమ్మదిగా మొదలుపెట్టండి. జింక్ కూడా 14 రోజులు ఇవ్వాలి: ఆరు నెలల లోపు రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆ పైన 20. మధ్యలో మోషన్స్ తగ్గినా ఆపొద్దు. ఓఆర్ఎస్, జింక్ రెండూ ఆశా కార్యకర్త దగ్గర, పీహెచ్‌సీలో ఉచితంగా దొరుకుతాయి.

దుకాణాల్లో అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పానీయాలు ఓఆర్ఎస్ కావు. వాటిలో చక్కెర ఎక్కువగా ఉండి మోషన్స్‌ను ఇంకా పెంచుతుంది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడిన తర్వాతే, 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి పానీయాల మీద ఓఆర్ఎస్ అనే పేరు వాడకూడదని ఆదేశించింది. మందుల షాపులో పొడి ప్యాకెట్ అడిగి తీసుకోండి.

కళ్లు లోపలికి పోయినా, నడినెత్తి మీద మెత్తగా ఉండే మాడు గుంటపడినా, ఆరేడు గంటలుగా ఒంటికి పోయకపోయినా, ఏడిస్తే కన్నీరు రాకపోయినా, మోషన్‌లో రక్తం కనిపించినా వెంటనే బయల్దేరండి. దారిలోనూ ఓఆర్ఎస్ చెంచాతో పడుతూనే ఉండండి.

బాధ తగ్గించే పద్ధతులు

నిజంగా పన్నే అని తేలితే చేయాల్సింది కొంచెమే. శుభ్రమైన వేలితో ఉబ్బిన చోట ఒకటి రెండు నిమిషాలు మెత్తగా ఒత్తండి. పాలు పట్టే ముందు ఇలా చేస్తే బిడ్డ హాయిగా తాగుతుంది. ఉతికిన మెత్తటి నూలు గుడ్డను కాచి చల్లార్చిన నీళ్లలో తడిపి, పిండి, శుభ్రమైన డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఓ అరగంట ఉంచి ఇవ్వండి. ఫ్రీజర్‌లో వద్దు, గడ్డకట్టినది చిగురును గాయపరుస్తుంది. నా ఉద్దేశంలో ఏ బొమ్మకన్నా ఈ గుడ్డే మేలు. టీతర్ (బిడ్డ కొరకడానికి అమ్మే బొమ్మ) కొనేటట్టయితే లోపల నీరు, జెల్ నింపినవి కాకుండా ఒకే ముక్కగా ఉన్న రబ్బరుది తీసుకోండి. మన దేశంలో 2021 జనవరి నుంచి బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి, అది చూసి కొనండి. ఆరు నెలలు దాటిన బిడ్డకు చల్లటి పెరుగు, మెదిపిన అరటిపండు కూడా ఊరటనిస్తాయి. చొంగను రుద్దకుండా అద్దినట్టు తుడిచి, గడ్డానికి పెట్రోలియం జెల్లీ పలచగా రాస్తే పొక్కులు రావు.

ఇవేవీ పనిచేయక రాత్రంతా ఏడుస్తుంటే డాక్టరును అడిగి పారాసిటమాల్ ఇవ్వవచ్చు. మోతాదు బిడ్డ బరువును బట్టి ఉంటుంది: కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, రెండు మోతాదుల మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు, రోజులో నాలుగుసార్లకు మించకూడదు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి సీసా మీది అక్షరాలు చదవండి. ఒకే పేరుతో డ్రాప్స్, సిరప్ రెండూ అమ్ముతారు. డ్రాప్స్ చాలావరకు ఒక మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాములు. సిరప్ ఐదు మిల్లీలీటర్లలో 120 లేదా 125, ఇంకో రకం 250. ఏడు కిలోల బిడ్డకు కావలసింది 70 నుంచి 105 మిల్లీగ్రాములు. డ్రాప్స్ అయితే 0.7 నుంచి 1 మిల్లీలీటరు, 120 సిరప్ అయితే దాదాపు 3 నుంచి 4 మిల్లీలీటర్లు. సిరప్ కొలత గుర్తుపెట్టుకుని 4 మిల్లీలీటర్ల డ్రాప్స్ పోస్తే 400 మిల్లీగ్రాములు, అంటే నాలుగింతలు వెళ్లిపోతుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఏ సీసా, ఎంత అన్నది కాగితం మీద రాయించుకుని సీసాకు అతికించండి, బిడ్డను చూసుకునే ప్రతి ఒక్కరికీ చూపించండి. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వనే కూడదు.

ఇవి మాత్రం వద్దు

చిగుళ్లకు రాసే తిమ్మిరి జెల్‌లు వద్దు. బెంజోకైన్ ఉన్నవి రక్తం ఆక్సిజన్‌ను మోయలేకుండా చేసి బిడ్డను నీలంగా మార్చగలవు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో రెండేళ్ల లోపు పిల్లల పళ్ల కోసం వాటిని అమ్మడం ఆపమంది. ఇలాంటి జెల్‌లలోనే వాడే లిగ్నోకైన్ మింగితే ఫిట్స్, గుండె సమస్యలు రావచ్చు. ఇంకొన్ని జెల్‌లలో ఉండే కోలీన్ సాలిసిలేట్ ఆస్పిరిన్ జాతిది, దాన్ని బ్రిటన్‌లో 16 ఏళ్ల లోపు వాళ్లకు 2009 నుంచి వద్దంటున్నారు. జెల్ ఎలాగూ చొంగతో పాటు గొంతులోకి పోతుంది, చిగురు మీద నిలవదు.

పళ్లకంటూ అమ్మే హోమియో మాత్రలూ వద్దు. అమెరికాలో అలాంటి కొన్నిటిని పరీక్షించి 2017లో ఫలితాలు బయటపెట్టారు. బెల్లడోనా అనే విషపదార్థం కొన్ని మాత్రల్లో లేబుల్ మీద రాసినదాని కన్నా చాలా ఎక్కువ ఉంది. లవంగం నూనె, బ్రాందీ చిగుళ్లకు రాయకండి. ఏడాది లోపు తేనె నాకించకండి, తేనె వల్ల కొందరు పసివాళ్లకు బోట్యులిజం వస్తుంది, కండరాలు చచ్చుబడతాయి. పచ్చి క్యారెట్, కొబ్బరి ముక్క, జంతికల్లాంటివి కొరకమని ఇస్తే ముక్క విరిగి గొంతుకు అడ్డం పడవచ్చు.

కొరికే వయసు బిడ్డ ఉన్న ఇంట్లో అమ్మ ఒంటిమీద ఉన్నవి కూడా చూసుకోవాలి. మన ఆడవాళ్లకు మంగళసూత్రానికో గాజుకో పిన్నీసులు తగిలించుకునే అలవాటు ఉంది. ఎత్తుకోగానే బిడ్డ నోరు అక్కడికే వెళ్తుంది. అవి తీసేయండి. బిడ్డ చేతికున్న నల్లపూసల దారం వదులైందేమో, మెడలో గొలుసు ఉందేమో చూడండి. పళ్ల కోసమని అమ్మే పూసల దండలు మెడకు చుట్టుకోవచ్చు, తెగితే పూస గొంతులో పడవచ్చు.

పన్ను బయటపడ్డాక

రొమ్ము కొరుకుతోందని పాలు మాన్పించనక్కర్లేదు. బిడ్డ సరిగా పట్టుకుని తాగుతున్నప్పుడు నాలుక కింది పళ్లను కప్పి ఉంచుతుంది, కొరకడం కుదరదు. కొరికేది ఆకలి తీరి ఆటలో పడ్డాక. చప్పరింత నెమ్మదించగానే చిటికెన వేలు నోటి మూలలో పెట్టి తప్పించండి. కొరికితే అరవకుండా "వద్దమ్మా" అని స్థిరంగా చెప్పి ఒక నిమిషం ఆపండి. కొద్ది రోజుల్లో అర్థం చేసుకుంటుంది.

పన్ను కనిపించిన రోజు నుంచే తోమాలి. మెత్తటి పిల్లల బ్రష్, ఫ్లోరైడ్ పేస్టు బియ్యపు గింజంత, పొద్దున, రాత్రి పడుకునే ముందు. తోమాక మిగిలిన నురుగు గుడ్డతో తుడవండి. నల్గొండ, ప్రకాశం లాంటి జిల్లాల్లో ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు తాగే ఊళ్లలో ఉంటే పేస్టు సంగతి దంతవైద్యుణ్ణి అడిగి నిర్ణయించుకోండి.

పాలసీసా నోట్లో ఉండగా నిద్రపోనివ్వకండి. రాత్రంతా పళ్ల మీద నిలిచిన పాలు, అందులోని చక్కెర పైపళ్లను ముందుగా పుచ్చిపోయేలా చేస్తాయి. ఎలాగూ ఊడిపోయే పాలపళ్లే కదా అనుకోవద్దు. వెనక పాలపళ్లు పది, పన్నెండేళ్ల దాకా ఉంటాయి, వాటి కింద వచ్చే పళ్లకు చోటు కాపాడేవి అవే.

ఏడాది నిండేలోపు ఒకసారి పిల్లల దంతవైద్యునికి చూపించండి. పదిహేను నెలలకు కూడా ఒక్క పన్నూ రాకపోతే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి. చాలాసార్లు అది వంశంలో ఉన్న ఆలస్యమే అవుతుంది. డి విటమిన్ లోపం, థైరాయిడ్ తక్కువ కావడం లాంటివి ఉన్నాయేమో కూడా డాక్టరు చూస్తారు. మాడు ఇంకా పెద్దగా తెరుచుకుని ఉన్నా, కాళ్లు వంకరగా అనిపించినా, కూర్చోవడం, నిలబడటం ఆలస్యమైనా ఆ మాట మీరే ముందుగా చెప్పండి.